మొదటిసారి స్పాలో మసాజ్: బట్టల దగ్గర్నుంచి టిప్పు దాకా

గుంటూరు నుంచి ఒక టీచర్ గారు అడిగిన ప్రశ్న ఇది. వయసు 51. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు పుట్టినరోజుకి స్పా వోచర్ కొనిచ్చిందట, 60 నిమిషాల ఫుల్ బాడీ మసాజ్. ఇంతవరకు ఎప్పుడూ వెళ్లలేదు. బట్టలన్నీ తీసేయాలా, చేసేది ఆడవాళ్లా మగవాళ్లా, నొప్పి పుడుతుందా, చాలాకాలంగా వేధిస్తున్న కుడి భుజం నొప్పి దీంతో పోతుందా, టిప్పు ఎంతివ్వాలి అని అడిగారు. చివర్లో "వెళ్లకుండా ఎగ్గొట్టేద్దామా అనిపిస్తోంది" అని కూడా రాశారు.

ఎగ్గొట్టకండి మేడం. ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను, వివరాలు తర్వాత. బట్టలు ఎంతవరకు తీయాలన్నది పూర్తిగా మీ ఇష్టం. పద్ధతిగా నడిచే స్పాలో మీరు బట్టలు మార్చుకునేటప్పుడు గదిలో ఎవరూ ఉండరు, ఆ తర్వాత గంటసేపూ మీ మీద దుప్పటి ఉంటుంది. ఆడవాళ్లే చేయాలని బుకింగ్ అప్పుడే చెప్పండి, ఆడవాళ్లనే ఇస్తారు. నొప్పి పుట్టాల్సిన అవసరం లేదు. భుజం రెండు మూడు రోజులు తేలిగ్గా అనిపించొచ్చు గానీ, ఇన్నాళ్ల నొప్పి ఒక్క గంటలో పోదు. టిప్పు తప్పనిసరి కాదు.

నేను పంచకర్మ (ఆయుర్వేద చికిత్స) థెరపిస్టుగా మొదలుపెట్టి, కొన్నేళ్లు హోటల్ స్పాలో చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో మసాజ్ చేస్తున్నాను. మొదటిసారి వచ్చేవాళ్లని చాలామందిని చూశాను. మనవాళ్ల మసాజ్ చెడిపోయేది చేసేవాళ్ల చేతకానితనం వల్ల కన్నా, చేయించుకునేవాళ్ల మొహమాటం వల్లే ఎక్కువ. ఏసీ చలి వేస్తున్నా చెప్పరు. మోచెయ్యి వీపులో దిగబడుతున్నా పళ్లు బిగించి పడుకుంటారు. "ప్రెషర్ సరిపోయిందా మేడం?" అని అడిగితే "ఆఁ బానే ఉందమ్మా" అంటారు. ఇంటికెళ్లాక చెల్లెలికి ఫోన్ చేసి చెబుతారు, చంపేసిందే తల్లీ అని. ఆ మాటేదో బెడ్ మీద ఉన్నప్పుడే చెబితే మీ డబ్బుకి న్యాయం జరుగుతుంది.

ముందు ఏ మసాజో తేల్చుకోండి

వోచర్ మీద ఫుల్ బాడీ మసాజ్ అని ఉన్నా, అక్కడికి వెళ్లాక మెనూ కార్డు చేతికిస్తారు. అందులో పది పేర్లుంటాయి. మీకు నా సలహా స్వీడిష్. నూనె రాసి, మోస్తరు ఒత్తిడితో, పొడవాటి రాపులతో చేసే మసాజ్ ఇది. నిమరడం, పిసకడం, గట్టిగా రుద్దడం, అరచేతుల అంచులతో తట్టడం, వణికించడం అని అయిదు రకాల కదలికలు ఉంటాయి. స్వీడన్‌కి చెందిన పెర్ హెన్రిక్ లింగ్ పేరుతో ఇది ప్రచారంలోకి వచ్చింది గానీ, ఇప్పుడు మేం నేర్చుకునే ఈ కదలికల్ని ఒక వరసలో పెట్టి ఫ్రెంచి పేర్లు ఖాయం చేసింది యోహాన్ మెజ్గర్ అనే డచ్ వైద్యుడని చెబుతారు.

డీప్ టిష్యూ మొదటిసారికి వద్దు. రిసెప్షన్‌లో అమ్మాయి "భుజం నొప్పి అంటున్నారు కదా మేడం, డీప్ టిష్యూ తీసుకోండి, కొంచెం ఎక్స్‌ట్రా అవుతుంది" అంటుంది. అది మోచేతితో, ముంజేతితో కండరం లోతుకి నెమ్మదిగా నొక్కే పని. మీ ఒళ్లు ఎంత తట్టుకుంటుందో మీకే తెలియనప్పుడు దానితో మొదలుపెట్టకూడదు.

థాయ్ మసాజ్‌లో బట్టలు విప్పే పనే లేదు. వాళ్లిచ్చిన వదులు పైజామా చొక్కా వేసుకుని నేల మీద పరుపు మీద పడుకుంటే, నూనె లేకుండా నొక్కుతూ, కాళ్లూ చేతులూ లాగుతూ, వంచుతూ చేస్తారు. 2019లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది కూడా. సిగ్గు ఎక్కువున్న వాళ్లకి ఇది బాగుంటుంది. కానీ మోకాళ్ల అరుగుదల, డిస్క్ సమస్య ఉన్నవాళ్లకి ఆ లాగుడు మంచిది కాదు. ఇంకా సులువైనది ఫుట్ రిఫ్లెక్సాలజీ, అంటే పాదాలు నొక్కి చేసే మసాజ్. కుర్చీలో కూర్చుని పైజామా మోకాళ్ల దాకా మడుచుకుంటే చాలు.

ఆయుర్వేద అభ్యంగం (ఒళ్లంతా నూనె మర్దన) గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు "ఆయుర్వేదం కదా, పద్ధతిగా ఉంటుంది" అనుకుని అది ఎంచుకుంటారు, తీరా లోపలికి వెళ్లాక కంగారుపడతారు. అక్కడ మెత్తటి బెడ్ ఉండదు, ద్రోణి అనే చెక్కబల్ల ఉంటుంది. అంచులు పైకి లేచి ఉంటాయి, నూనె కిందకి పోకుండా. గోరువెచ్చటి తైలం ధారాళంగా పోస్తారు. ధన్వంతరం, క్షీరబల, మహానారాయణ లాంటివి, మీ సమస్యని బట్టి వైద్యుడు రాస్తాడు. చాలా చోట్ల ఇద్దరు థెరపిస్టులు చెరోవైపు నిలబడి ఒకే తాళంలో చేస్తారు. దుప్పటి కప్పడం అనే అలవాటు అక్కడ తక్కువ, నడుముకి ఒక గుడ్డపేలిక కడతారంతే. ఆడవాళ్లకి ఆడవాళ్లే, మగవాళ్లకి మగవాళ్లే చేస్తారు కాబట్టి అందులో తప్పేం లేదు గానీ, ముందు తెలియకపోతే ఇబ్బందే. పైన ఒక పంచె కప్పమని అడగండి, కప్పుతారు. తర్వాత ఆవిరి పెట్టెలో కూర్చోబెడతారు, తల మాత్రం బయట ఉంటుంది. ఆ పైన సున్నిపిండో పెసరపిండో ఇచ్చి స్నానం చేయమంటారు.

డబ్బు తక్కువలో వైద్యపరంగా చేయించుకోవాలంటే ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రులు ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డలో ఉంది, మీకు దగ్గరగా విజయవాడలో నోరి రామశాస్త్రి కళాశాల ఆసుపత్రి ఉంది. పన్నీరు వాసన, మెల్లటి సంగీతం ఉండవు. డాక్టర్ చూసి అవసరమైతేనే రాస్తారు.

ఆ రోజు ఇంటి దగ్గర

భోజనం చేసి కనీసం గంటన్నర, రెండు గంటలు గడిచాక వెళ్లండి. నిండు కడుపుతో బోర్లా పడుకోవడం నరకం. అజీర్తిగా ఉన్నప్పుడు అభ్యంగం చేయకూడదని ఆయుర్వేదం కూడా చెబుతుంది. అలాగని ఏమీ తినకుండా వెళ్లినా లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి.

చాలామంది ఆడవాళ్లు కాళ్లకి వ్యాక్సింగ్ చేయించుకుని వెళ్లాలేమో అనుకుంటారు. అక్కర్లేదు. పైగా అదే రోజు వ్యాక్సింగో షేవింగో చేసుకుని వస్తే నూనె తగిలి భగ్గుమంటుంది. మేం రోజూ అన్ని రకాల ఒళ్లూ చూస్తాం: పొట్ట మీద చారలు, సిజేరియన్ మచ్చలు, పగిలిన మడమలు. మా కళ్లు కండరం ఎక్కడ బిగుసుకుందో వెతుకుతాయి తప్ప వేరేవి పట్టించుకోవు.

వదులుగా ఉండే పాత చుడీదార్ వేసుకోండి. చీరతో వెళ్తే నూనె ఒంటితో మళ్లీ కట్టుకోవడం ఒక తంటా, జాకెట్టుకి మరక ఖాయం.

నగలు వీలైతే ఇంట్లోనే వదిలేయండి. గాజులు, ముఖ్యంగా మట్టిగాజులు, చెయ్యి పిసికేటప్పుడు చిట్లుతాయి. ముక్కుపుడక గురించి ఎవరూ చెప్పరు: బోర్లా పడుకున్నప్పుడు ముఖం పెట్టే రంధ్రం చుట్టూ పల్చటి బట్ట ఉంటుంది, ముక్కుపుడక దానికి చిక్కుకుంటుంది. మట్టెలు తీయకపోయినా ఫర్వాలేదు, ఆ వేలు వదిలేస్తాం. ఇక తాళి. తీయడం ఇష్టం లేదని చెప్పడానికి కూడా కొందరు జంకుతారు. ఏం జంకక్కర్లేదు, రోజూ చూసేదే. పసుపుతాడైనా నల్లపూసల గొలుసైనా మెడ వెనక్కి తిప్పి, చిన్న టవల్లో చుట్టి పక్కకి పెడతాం, నూనె అంటకుండా. మెడ చుట్టూ చేసేటప్పుడు రెండు వేళ్లతో దాన్ని ఎత్తిపట్టుకుని చేస్తాం. మగవాళ్లకి జంధ్యం, మొలతాడు విషయంలోనూ ఇంతే.

గదిలో ఏం జరుగుతుంది

పదిహేను నిమిషాలు ముందు వెళ్లండి. ఒక ఫారం ఇస్తారు: బీపీ, షుగర్, ఆపరేషన్లు, అలర్జీలు, వాడే మందులు. దయచేసి దాన్ని నిజాయితీగా నింపండి. సంతకం మాత్రం పెట్టి ఇచ్చేసేవాళ్లే ఎక్కువ. ఫారమే ఇవ్వని చోట ఈ సంగతులు మీరే నోటితో చెప్పండి, అడగలేదు కదా అని ఊరుకోవద్దు.

తర్వాత థెరపిస్టు వచ్చి పేరు చెప్పి లోపలికి తీసుకెళ్తుంది. చాలా చోట్ల ముందు గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో కాళ్లు కడుగుతారు. వయసులో చిన్నపిల్లైనా, పెద్దావిడైనా వేరేవాళ్లు కాళ్లు కడుగుతుంటే మనకి ప్రాణం చివుక్కుమంటుంది, "వద్దమ్మా నేను కడుక్కుంటా" అనేస్తాం. అనొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ తర్వాత మీకొక డిస్పోజబుల్ లోదుస్తు ఇచ్చి, "మార్చుకుని బోర్లా పడుకుని దుప్పటి కప్పుకోండి, నేను తలుపు కొట్టి వస్తాను" అని చెప్పి బయటికి వెళ్లాలి. ఇది గుర్తుపెట్టుకోండి: మార్చుకునేటప్పుడు థెరపిస్టు గదిలో ఉండకూడదు. ఆమె కదలకుండా నిలబడితే "కాస్త బయట ఉండమ్మా" అనండి. లోదుస్తులు మీవే ఉంచుకోవచ్చు. బ్రా తీయకపోతే వీపు మధ్యలో పొడవుగా రాయడం కుదరదు, అంతే తేడా. బోర్లా పడుకున్నాక హుక్కు మాత్రం విప్పితే చాలు, చాలామంది అలాగే చేస్తారు.

తలుపు కొట్టి లోపలికి వచ్చాక ముందు దుప్పటి మీద నుంచే రెండు అరచేతులూ వీపు మీద ఆనించి కాసేపు అలాగే ఉంచుతాం. మీ ఊపిరి ఎలా నడుస్తోందో అప్పుడే తెలుస్తుంది. కొత్తవాళ్లయితే భుజాలు చెవుల దాకా ఎత్తి పడుకుని ఉంటారు. తర్వాత దుప్పటి నడుము దాకా మడిచి, నూనె చేతుల్లో వేడి చేసుకుని, నడుము నుంచి భుజాల దాకా పొడుగ్గా రాస్తాం. గంటలో ఎక్కువ సమయం వీపుకీ మెడకీ పోతుంది. కాళ్లు చేసేటప్పుడు ఒక్క కాలు మాత్రం బయటికి తీసి, దుప్పటి అంచుని రెండో కాలి కిందకి దోపుతాం. అది అయ్యాక కప్పేసి రెండోది. సగంలో "తిరగండి మేడం" అంటుంది. అప్పుడు దుప్పటిని మీకూ తనకీ మధ్య తెరలా పైకెత్తి పట్టుకుని, తన ముఖం పక్కకి తిప్పుకుంటుంది. మీరు వెల్లకిలా తిరగగానే దింపుతుంది. ఛాతీ భాగం స్వీడిష్ మసాజ్‌లో ఉండదు, కాలర్ ఎముకల దగ్గర ఆగిపోవాలి. పొట్ట చేయమంటారా అని అడుగుతారు, వద్దంటే వదిలేస్తారు. చివరికి చేతులు, మెడ, తల. తలకి నూనె వద్దనుకుంటే మొదట్లోనే చెప్పండి, లేకపోతే తలస్నానం తప్పదు.

మాట్లాడాలా వద్దా? మీ ఇష్టం. మాట్లాడకపోతే థెరపిస్టు ఏమనుకుంటుందో అని మధ్యమధ్య "మీదే ఊరమ్మా, పిల్లలెంతమంది" అని అడిగేవాళ్లుంటారు. మీ కోసం ఆ గంట, మౌనంగా ఉండొచ్చు.

నిద్రపోతే గురక వస్తుంది. పొట్ట గుడగుడమంటుంది, ఒక్కోసారి గ్యాస్ పోతుంది. ఒళ్లు వదులయ్యే కొద్దీ ఇవన్నీ మామూలే, మేం వినీవిననట్టు ఊరుకుంటాం. మగవాళ్లు మెసేజ్ పెట్టి రహస్యంగా అడిగేది ఒకటుంది: అనుకోకుండా అంగస్తంభన అయితే ఏం చేయాలని. అది శరీరం దానంతటది చేసే పని, ఏం చేయక్కర్లేదు, కాసేపట్లో తగ్గిపోతుంది. దాన్ని సాకుగా తీసుకుని మాటలు జారితే మాత్రం థెరపిస్టు మసాజ్ ఆపేసి బయటికి వెళ్లిపోతుంది, డబ్బు తిరిగి రాదు. రావాలని కూడా నేననుకోను.

ఇంకోటి. కొంతమందికి మధ్యలో ఏడుపొస్తుంది. మొన్నామధ్య ఒకావిడ, అత్తగారికి నెలల తరబడి మంచం మీద సేవ చేసి వచ్చిన మనిషి, మెడ మీద చెయ్యి వేయగానే కన్నీళ్లు పెట్టుకుంది. ఎందుకో ఆమెకే తెలియదు, సారీ సారీ అంటోంది. టిష్యూ ఇచ్చి, చెయ్యి అక్కడే ఉంచి, ఆమె సరే అన్నాక మళ్లీ మొదలుపెట్టాను. మీకలా జరిగితే కంగారుపడకండి.

నొప్పి ఎంతవరకు?

పదికి ఎంత అని మీలో మీరే లెక్క వేసుకోండి. ఆరు దాటకూడదు. అంకె తోచకపోతే రెండు గుర్తులు చూసుకోండి: మీరు ఊపిరి బిగపట్టినా, కాలివేళ్లు ముడుచుకున్నా ఒత్తిడి ఎక్కువైనట్టే. అలాంటప్పుడు కండరం వదులవ్వదు, ఎదురు తిరుగుతుంది. "గట్టిగా చేస్తేనే పనిచేసినట్టు" అన్నది మనవాళ్లకున్న పెద్ద భ్రమ. వేరేచోట చేయించుకుని వీపంతా నీలం మచ్చలతో మా దగ్గరికి వచ్చిన బ్యాంకు మేనేజరు ఒకావిడ ఉంది. ఎందుకు చెప్పలేదండీ అంటే, "పాపం కష్టపడుతోంది కదా, ఏం చెబుతాం" అంది.

హైదరాబాద్ స్పాల్లో మణిపూర్, మిజోరం, నాగాలాండ్ నుంచి వచ్చిన అమ్మాయిలు చాలామంది పనిచేస్తారు. తెలుగు రాకపోవచ్చు. "సాఫ్ట్", "స్ట్రాంగ్", "స్టాప్", ఈ మూడు మాటలు చాలు. హిందీ వస్తే "థోడా హల్కా" అనండి.

ఒక్క విషయంలో మాత్రం సాఫ్ట్ కూడా వద్దు. మెడ పట్టుకుని టక్కున తిప్పి చప్పుడు తెప్పించడం. మంగలి షాపుల్లో సరదాగా చేస్తుంటారు. మెడ లోపల నుంచి మెదడుకి వెళ్లే రక్తనాళాలుంటాయి, ఆ విసురుకి వాటి గోడ చీలితే పక్షవాతం దాకా పోవచ్చు. ఎవరైనా తల పట్టుకుని తిప్పబోతే వద్దని చెప్పండి.

ఎవరు చేయించుకోకూడదు

ఈ సమాధానంలో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి.

జ్వరం, చర్మం మీద గజ్జి తామర లాంటి అంటువ్యాధి, పుండ్లు ఉంటే వాయిదా వేసుకోండి. ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, గుండెకి స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వెళ్లొద్దు. ఎముకలు గుల్లబారాయని చెప్పి ఉంటే గట్టి ఒత్తిడి అస్సలు వద్దు, మీ వయసులో ఆడవాళ్లు ఇది గమనించుకోవాలి. కాళ్లలో రక్తనాళాలు ఉబ్బి మెలికలు తిరిగి ఉంటే వాటి మీద నొక్కకూడదు. గర్భవతులకి విడిగా శిక్షణ పొందినవాళ్లు, పక్కకి తిరిగి పడుకోబెట్టి చేయాలి. మొదటి మూడు నెలల్లో చాలా చోట్ల అసలు తీసుకోరు. నెలసరిలో వెళ్లొచ్చా అంటే, మీకు ఇబ్బంది లేకపోతే వెళ్లొచ్చు, పొట్ట వదిలేయమనండి.

షుగర్ ఉన్నవాళ్లు మసాజ్ చేయించుకోవచ్చు. కానీ అరికాళ్లు మొద్దుబారి ఉంటే ముందే చెప్పాలి. వేడిరాళ్ల మసాజ్, వేడినీళ్ల గిన్నె, ఇవి మామూలు వాళ్లకి హాయి. స్పర్శ తెలియని పాదానికి కాలి బొబ్బలెక్కేదాకా తెలియదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, ఎర్రగా, నొప్పిగా ఉంటే దాన్ని ఎవరి చేతా రుద్దించుకోవద్దు. అమెరికాలో కొడుకు దగ్గర ఆరు నెలలుండి తిరిగొచ్చిన పెద్దాయన ఒకరు మా క్లినిక్‌కి వచ్చారు. "విమానంలో కూర్చుని కూర్చుని కాలు పట్టేసిందమ్మా, కాస్త నూనె రాసి లాగు" అన్నారు. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎడమ పిక్క స్పష్టంగా లావుగా ఉంది, ముట్టుకుంటే వేడి. నేను నూనె సీసా మూత కూడా తీయలేదు, డాక్టర్ గారిని పిలిచాను. రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్‌లో లోపలి రక్తనాళంలో గడ్డ కనిపించింది. అలాంటి కాలిని రుద్దితే గడ్డ ఊడి ఊపిరితిత్తులకి చేరొచ్చు, ప్రాణం మీదకి రావొచ్చు. సంక్రాంతికో పెళ్లికో గంటల తరబడి విమానాల్లో వచ్చేవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు ఈ మాట గుర్తుంచుకోవాలి. అలసటకి రెండు కాళ్లూ సమానంగా లాగుతాయి. ఒక్కటే వాచడం వేరే సంగతి.

నూనెల అలర్జీ కూడా ఫారంలో రాయండి. బాదం నూనె చాలా చోట్ల వాడతారు.

మీ భుజం సంగతి

బోర్డు మీద రాసీ రాసీ టీచర్లకి భుజం పట్టేయడం సహజమే. అది కండరాల బిగువు మాత్రమే అయితే మసాజ్‌తో ఊరట ఉంటుంది. వేలికి తగిలే ఆ గట్టి గడ్డల్ని "నరం ముడిపడింది" అంటారు గానీ, అవి నరాలు కావు, బిగుసుకుపోయిన కండరపు పోగులు. నొక్కి పట్టి వదిలితే మెత్తబడతాయి. మళ్లీ అదే పని చేస్తే మళ్లీ బిగుస్తాయి.

కానీ ఒక పరీక్ష చేసుకోండి. కుడి చెయ్యి తల వెనక్కి పెట్టి జడ వేసుకోగలుగుతున్నారా? వీపు వెనక్కి తీసుకెళ్లి హుక్కు పెట్టుకోగలుగుతున్నారా? ఇంకొకరు ఎత్తినా చెయ్యి పైకి లేవడం లేదా? లేవకపోతే అది ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోవడం) కావొచ్చు. 40 నుంచి 60 ఏళ్ల మధ్య వాళ్లకి, అందులో ఆడవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి ఎక్కువగా వస్తుంది. దానికి మందు స్పా కాదు, ఎముకల డాక్టరూ ఫిజియోథెరపీ వ్యాయామాలూ. స్పాలో ఆ చేతిని బలవంతంగా లాగనివ్వొద్దు. అలాగే చెయ్యి తిమ్మిరెక్కడం, పట్టు తప్పడం ఉంటే ముందు డాక్టర్‌కి చూపించండి.

మసాజ్ వల్ల ఒంట్లోని విషాలు బయటికి పోతాయని చెబుతారు, నమ్మకండి. ఆ పని కాలేయం, కిడ్నీలు చేస్తాయి. లాక్టిక్ యాసిడ్ కరుగుతుందన్న మాట కూడా అంతే. వ్యాయామం ఆపిన గంటలోపు అది దానంతటదే సర్దుకుంటుంది. మసాజ్ చేసే మేలు వేరు: నరాల వ్యవస్థ నెమ్మదిస్తుంది, గుండె వేగం తగ్గుతుంది, నొప్పి తీవ్రత కొన్నాళ్లు తక్కువగా తెలుస్తుంది, ఆ రాత్రి నిద్ర పడుతుంది. నా మటుకు అదే చాలా పెద్ద విషయం, దానికి లేనివి కలపక్కర్లేదు.

అయిపోయాక

వెంటనే లేవకండి. పక్కకి తిరిగి, చేత్తో ఆనుకుని, కూర్చుని, ఒక నిమిషం ఆగి నిలబడండి. బీపీ కాస్త తగ్గి ఉంటుంది, కళ్లు తిరగొచ్చు. పాదాలకి నూనె ఉంటుంది, గదిలో టైల్స్ ఉంటాయి. ముందు చెప్పులు వేసుకోవాలి, లేదా పాదాలు తుడవమని అడగాలి.

మర్నాడు ఒళ్లు కాస్త పచ్చిగా, నొప్పిగా ఉండొచ్చు, రెండు రోజుల్లో పోతుంది. అంతకు మించి ఉంటే, దద్దుర్లు వస్తే డాక్టర్‌ని అడగండి. లీటర్ల కొద్దీ నీళ్లు తాగాలన్న రూలేం లేదు, దాహమైతే తాగండి.

మంచి చోటు, డబ్బు, భద్రత

ధరల పట్టిక గోడ మీదో కార్డు మీదో రాసి ఉండాలి, బిల్లు ఇవ్వాలి, ఆడవాళ్లు, కుటుంబాలు వచ్చిపోతూ కనబడాలి. వాట్సాప్‌లో ఫొటోలు పంపి "స్పెషల్ సర్వీస్" అనే చోట్ల వైపు వెళ్లకండి. థెరపిస్టులు ఎక్కడ శిక్షణ తీసుకున్నారో అడగొచ్చు. కేరళ వెళ్లేవాళ్లయితే అక్కడి టూరిజం శాఖ ఆయుర్వేద కేంద్రాలకి గుర్తింపులు ఇస్తుంది, బోర్డు మీద చూసుకోండి.

సీసీ కెమెరా రిసెప్షన్‌లో ఉంటే సరే, గదిలో ఉండకూడదు. థెరపిస్టు ఫోన్ గదిలోకి తెస్తే బయట పెట్టమనండి. చెయ్యి ఎక్కడైనా హద్దు దాటిందనిపిస్తే ఆలోచిస్తూ పడుకోవద్దు. "ఆపండి" అనండి, దుప్పటి చుట్టుకుని లేచి కూర్చోండి, ఆమెనో అతన్నో బయటికి పంపండి. కారణం చెప్పనక్కర్లేదు. అవసరమైతే 112కి ఫోన్ చేయండి, మహిళలకి 181 కూడా ఉంది.

మీకు వోచర్ ఉంది కాబట్టి ఖర్చు లేదు. ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను, హైదరాబాద్‌లో మంచి స్పాలో గంటకి సుమారు రెండు వేల నుంచి నాలుగు వేలు, స్టార్ హోటళ్లలో ఇంకా ఎక్కువ. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ సేవల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో ఎంత వేశారో ఓసారి చూడండి. టిప్పు ఇవ్వాలనిపిస్తే నూటయాభయ్యో రెండొందలో, కౌంటర్‌లో కాకుండా నేరుగా ఆ అమ్మాయి చేతికే ఇవ్వండి. ప్రభుత్వ ఆసుపత్రిలో అయితే ఏమీ ఇవ్వక్కర్లేదు.

బయటికి వచ్చేటప్పుడు మీ ముఖం ప్రశాంతంగా ఉండటం చూసి "పది సెషన్ల ప్యాకేజీ, ఇవాళే తీసుకుంటే డిస్కౌంట్" అంటారు. ఆ రోజు ఏదీ కొనకండి. రెండు రోజులు ఆగి, భుజం ఎలా ఉందో చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి. వోచర్ మీద గడువు తేదీ ఉంటుంది, అది చూసి, శని ఆదివారాలు కాకుండా వారం మధ్యలో సెలవు పెట్టుకుని పొద్దున 11 గంటల స్లాట్ అడగండి. థెరపిస్టుకి అప్పుడు అది ఆ రోజు మొదటిదో రెండోదో అవుతుంది, సాయంత్రం ఆరింటికైతే అయిదోదో ఆరోదో.